చెరకు తోట మీద, ఆరు వందల అడుగుల ఎత్తున

అక్టోబర్ 11, మంగళవారం

చూల్వే పోయాడు. ఆ అమ్మాయి కుందా కూడా. ఉదయం ఏడూ ఇరవైకి, తూర్పు చెరకు తోటలో.

ఇంతకంటే రాయలేకపోతున్నాను.

అక్టోబర్ 12, బుధవారం

చేతికి పని ఉంటే బాగుండేది. హ్యాంగర్‌కి తాళం వేశారు. మిగిలిన ఒక్క హెలికాప్టర్నీ ఎగరనివ్వడం లేదు. విద్యార్థుల్ని ఇళ్ళకు పంపేశాం. అందుకని రాస్తున్నాను.

నిన్న పొద్దున ఆరున్నరకి చూల్వే నా గదిలోకి తొంగిచూసి, "సార్, నేనూ కుందా ఒక గంట తిరిగొస్తాం. గాలి లేదు, బాగుంది," అన్నాడు. నేను కాగితాల్లోంచి తలెత్తకుండానే "సరే" అన్నాను. అతని మొహం చూడలేదు. పన్నెండేళ్ళ కిందట, ఎయిర్ ఫోర్స్ వదిలి నేను మజబూకా వచ్చి ఈ స్కూల్లో చేరినప్పుడు నా మొదటి విద్యార్థి అతనే. ఎగరడం నేనే నేర్పాను. తర్వాత, ఎగరడం నేర్పించడమెలాగో కూడా నేనే నేర్పాను.

కుందాకి ఇరవై మూడేళ్ళు. ఎక్కడో ఉత్తరాన ఎంపికా అనే ఊరి నుంచి వచ్చింది. అడవుల మీద తిరుగుతూ ఏనుగుల్ని చంపేవాళ్ళ ఆచూకీ పట్టే ఉద్యోగం ఆమె కోసం కాచుకుని ఉంది. మాట తక్కువ. నవ్వితే మాత్రం హ్యాంగర్ అంతా వినపడేది. ఇప్పటికి నలభై రెండు గంటలు ఎగిరింది.

ఏడూ పద్దెనిమిదికి రేడియోలో చూల్వే: "తూర్పు తోటల మీద ఉన్నాం. ఆరు వందల అడుగులు. అంతా బాగుంది." ఆ తర్వాత చెరకు ఆఫీసు నుంచి ఫోన్.

పికప్‌లో వెళ్ళాం. చెరకు కొట్టేవాళ్ళు కత్తులు చేత్తోనే పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. తోట పెద్దగా నలగలేదు. హెలికాప్టర్ నిలువునా పడింది. తోక మాత్రం విడిగా, నలభై అడుగుల అవతల పడి ఉంది. పైన తిరిగే రెక్కలు నెమ్మదించి, కిందికి వంగి, తోకని నరికితేనే అలా అవుతుంది. చూడగానే నాకు అర్థమైంది. ఎవరితోనూ అనలేదు.

ఇంజన్ ఆగిపోయి ఉంటుంది. అంతే అయ్యుంటుంది.

అక్టోబర్ 13, గురువారం

రాజధాని లుసాకా నుంచి దర్యాప్తు అధికారి వచ్చింది. తొవేలా గొండ్వే. నలభై అయిదేళ్ళుంటాయి. మగవాళ్ళ బూట్లు, తల మీద గడ్డి టోపీ. దిగీ దిగగానే తోటలోకి నడిచింది. ముడెండా అనే చెరకు కూలీ మొత్తం కళ్ళారా చూశాడట. అతన్ని నీడలో కూర్చోబెట్టి అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"శబ్దం ఎలా వచ్చింది, ముడెండా?"

"రోజూ వచ్చేదే అమ్మా, కందిరీగ లాగా. ఉన్నట్టుండి తగ్గిపోయింది. కుండ మీద మూత పెడితే ఎట్టా తగ్గుద్ది, అట్టా."

"ఆగిపోయిందా, తగ్గిందా? బాగా గుర్తు తెచ్చుకో."

"తగ్గిందమ్మా. ఆగలేదు. మళ్ళీ ఒక్కసారి గట్టిగా అరిచింది. అప్పటికే రెక్కలు కనబడతన్నాయి నాకు."

"కనబడ్డం అంటే?"

"గిర్రున తిరిగేటప్పుడు కనబడవు కదా. ఆ పూట ఒకటి, రెండు అని చూపించొచ్చు వేలు పెట్టి."

ఆమె రాసుకుంది. రాసుకుని నా వైపు చూసింది. నేను చెరకు వైపు చూశాను.

"పెట్రోల్‌లో నీళ్ళు చేరినా ఇంజన్ అలాగే తగ్గుతుంది," అన్నాను.

"చూస్తాం సార్," అంది.

అక్టోబర్ 15, శనివారం

మోన్జే వెళ్ళాం, చూల్వే ఊరికి. మగవాళ్ళం బయట నెగడు చుట్టూ కూర్చున్నాం. ఆడవాళ్ళు లోపల. నా భార్య నసిలేలే లోపలే ఉంది, జరిగింది ఆమె చెబితే తెలిసింది.

కుందా శవాన్ని ఎంపికా తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళమ్మ, ముందు ఇక్కడ కూర్చుని ఏడ్చి వెళదామని దారి మళ్ళి వచ్చిందట. బానా కుందా అంటారు ఆమెను, అంటే కుందా తల్లి. కూతురు పోయినా ఆ పేరు అలాగే ఉండిపోయింది. లోపలికి అడుగుపెట్టగానే చూల్వే మేనత్త లేచింది.

"దీని కూతురే మా వాణ్ణి మింగింది! చేతకానిదాన్ని కూర్చోబెట్టి ఎగరేయమంటే చంపకుండా ఏం చేస్తుంది? చాప మీద చోటు కూడా కావాలా నీకు?"

ఎవరూ జరగలేదు. ఆమె గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి, చేతిలో ఉన్న పిండి మూట కింద పెట్టి వెళ్ళిపోయిందట.

"ఆ అమ్మాయి తప్పేనా?" అని దారిలో నసిలేలే అడిగింది.

"దర్యాప్తు జరుగుతోందిగా," అన్నాను.

అక్టోబర్ 16

చర్చికి వెళ్ళలేదు.

అక్టోబర్ 18, మంగళవారం

పెట్రోల్ శుభ్రంగా ఉంది. ఇంజన్‌లో లోపం లేదు. తొవేలా గొండ్వే ఈ రోజు నన్ను రెండు గంటలు కూర్చోబెట్టింది.

"ఇంజన్‌కి జోరునిచ్చే థ్రాటిల్ పూర్తిగా తగ్గించి ఉంది సార్. పడే ముందు మళ్ళీ పెంచబోయిన గుర్తులున్నాయి. ఎడమ చేతి లివర్ కింది దాకా నొక్కి ఉంది. అంటే ఇంజన్ ఆగినట్టు నటించి, దిగడం ప్రాక్టీసు చేస్తున్నారు. అవునా?"

"అలాగే ఉంది."

"ఆ ప్రాక్టీసులో, విద్యార్థికి ముందు చెప్పి థ్రాటిల్ తగ్గిస్తారా, చెప్పకుండా తగ్గిస్తారా, మీ స్కూల్లో?"

"పుస్తకంలో ఉన్నట్టే చేస్తాం."

"పుస్తకంలో ఏముంది?"

"చెప్పి."

అబద్ధం కాదు. పుస్తకంలో ఉన్నది అదే.

ఆమె ఫైలు మూసింది. "ఇంత చిన్న హెలికాప్టర్లో ఇంజన్ తగ్గాక లివర్ నొక్కడానికి ఒక్క సెకను ఉంటుంది. ఆమె ఆలస్యం చేసిందా, చూల్వే చెప్పకుండా థ్రాటిల్ తీసేశాడా? లివర్ కింద ఉందని ఇనుము చెబుతుంది. ఎప్పుడు నొక్కారో చెప్పదు. అది మనిషి చెప్పాల్సిందే. చూసిన మనుషులిద్దరూ లేరు."

నేను మంచినీళ్ళు తాగాను.

అక్టోబర్ 19

స్కూలు యజమాని కలూబా ఫోన్. "విద్యార్థి స్పందించడంలో ఆలస్యం అని రాస్తారంట, పెద్దాయనా. బాధాకరమే. కానీ స్కూలు నిలబడుతుంది. ముప్పై మంది బతుకులు ఉన్నాయి దీని మీద. వాళ్ళు అడిగినంత వరకే చెప్పు, చాలు."

అడిగినంత వరకే చెప్పాను నేను. ఎక్కడా తప్పు చెప్పలేదు.

ఆ ప్రాక్టీసు వెయ్యి అడుగుల కన్నా కింద ఎప్పుడూ చేయించలేదు నేను.

అక్టోబర్ 20

ఎప్పుడో ఒకటి రెండుసార్లు ఎనిమిది వందల దగ్గర చేయించి ఉంటాను.

అక్టోబర్ 24, సోమవారం

స్వాతంత్ర్య దినం. పట్నంలో కవాతు. వెళ్ళలేదు. ఈ ఎండలకి గోడలు కూడా ముట్టుకోనివ్వడం లేదు. నసిలేలే ఎండు చేపలు వేసి కూర చేసింది. తినలేకపోయాను.

"లిసింబా నాన్నా, నీకు ఒంట్లో బాగుండకపోతే చెప్పు. మనసులో బాగుండకపోతే అది కూడా చెప్పు. ఇలా కంచం వంక చూస్తూ కూర్చోవద్దు," అంది. ఆమె నన్నెప్పుడూ మా బిడ్డ పేరుతోనే పిలుస్తుంది.

"ఎండ," అన్నాను.

అక్టోబర్ 27, గురువారం

బానా కుందా వచ్చింది. కూతుర్ని ఎంపికాలో పాతిపెట్టి, రోజున్నర బస్సు ప్రయాణం చేసి, ఆమె సామాన్ల కోసం వచ్చింది. హాస్టల్ గదిలోంచి ఒక సూట్‌కేసు, ఒక దుప్పటి, ఒక స్టవ్వు తెచ్చి నా గదిలో పెట్టారు. ఆమె వాటి వంక చూడలేదు. కుర్చీలో కూర్చుంది.

"మీరేనా పెద్ద సారు?"

"అవునమ్మా. ముకెలబాయ్ నా పేరు."

"నేను మిషన్ ఆసుపత్రిలో నర్సుని. ఏం చెప్పినా తట్టుకుంటాను. మా అమ్మాయి ఏం తప్పు చేసింది?"

ఇంజన్ ఆగితే లివర్ ఎందుకు నొక్కాలో చెప్పాను. నొక్కితే పడేటప్పుడు కింది నుంచి తగిలే గాలే రెక్కల్ని తిప్పుతుందని, వాటి మీద మెల్లగా దిగొచ్చని, నొక్కకపోతే రెక్కలు నెమ్మదిస్తాయని, ఒకసారి నెమ్మదించాక ఇక ఏం చేసినా తిరగవని చెప్పాను. ఆమె చాలా శ్రద్ధగా విన్నది. కుందా కూడా అలాగే వినేది.

"కుందా చెయ్యి కొంచెం ఆలస్యమైందమ్మా."

"కొంచెమంటే?"

"ఒక సెకను."

ఆమె అంది: "నలభై రెండు గంటలేనట కదా అది ఎగిరింది. మా దగ్గరికి వచ్చిన కొత్త నర్సు చేతికి సూది ఇచ్చి, పక్కన నేను నిలబడతాను. చెయ్యి వణికితే నేను పట్టుకుంటాను. తప్పు జరిగితే నాది. ఆ సెకను నేర్పేవాళ్ళ దగ్గర ఉండాలి కదండీ. నేర్చుకునేదాని దగ్గర ఎందుకుండాలి?"

నేనేదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు.

"ముప్పై ఏళ్ళు చావుల పక్కన నిలబడ్డాను సార్. డాక్టర్లు దాస్తుంటే నాకు తెలిసిపోతుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు వాళ్ళకి. నేను వచ్చినప్పట్నుంచీ మీరు ఆ పెన్ను మూత తీస్తున్నారు, పెడుతున్నారు."

సూట్‌కేసు నేను మోస్తానన్నాను. వద్దంది. తలమీద పెట్టుకుని, దుప్పటి చంకలో ఇరికించుకుని, ఎండలో బస్టాండు దాకా నడిచి వెళ్ళింది. స్టవ్వు వదిలేసింది.

అక్టోబర్ 28

ఎనిమిది వందలు కాదు. అయిదు వందలు. ఆరు వందలు. ఎక్కడ తోస్తే అక్కడ.

అక్టోబర్ 29, శనివారం

రాస్తాను. ఇక్కడ రాయలేనివాణ్ణి ఇంకెక్కడా చెప్పలేను.

నేను థ్రాటిల్ చెప్పకుండానే తీస్తాను. ఇరవై రెండేళ్ళుగా. ఎయిర్ ఫోర్స్‌లో నాకు నేర్పినాయన అలాగే తీసేవాడు. పెద్ద హెలికాప్టర్లు అవి, బరువైన రెక్కలు, నాలుగు సెకన్లు ఓర్చుకునేవి. "నిజంగా ఆగేటప్పుడు ఇంజన్ చెప్పి ఆగుతుందా?" అనేవాడు. అదే మాట నేనూ అన్నాను, ప్రతి బ్యాచ్‌లో. విద్యార్థి ఏదో మాట్లాడుతుండగా, కిటికీలోంచి చూస్తుండగా తీసేవాణ్ణి. ఉలిక్కిపడేవాళ్ళు. దిగాక నవ్వుకునేవాళ్ళం. ముకెలబాయ్ చేతి కింద నేర్చుకున్నవాడికి నిద్రలో ఇంజన్ ఆగినా చెయ్యి కిందికి వెళుతుందని పేరు. ఆ పేరు నాకు ఇష్టం.

మూడేళ్ళ కిందట ఈ హెలికాప్టర్లు తయారుచేసేవాళ్ళ నుంచి హెచ్చరిక కాగితం వచ్చింది. ఈ చిన్నవాటిలో చెప్పకుండా తీయవద్దు, ముందు చెప్పండి, నేర్పేవాళ్ళ చెయ్యి లివర్ మీద ఉంచుకోండి అని. చదివినట్టు సంతకం పెట్టి, ఫైల్లో పెట్టాను. చూల్వేకి చూపించలేదు. చూపిస్తే నా పద్ధతి తప్పని ఒప్పుకోవాలి.

అక్టోబర్ మూడున కుందాతో నేనే ఎగిరాను. చెప్పకుండా తీశాను. ఆమె చెయ్యి కదల్లేదు. లివర్ నేనే నొక్కాను. అప్పటికే హెచ్చరిక హారన్ మోగింది. రెక్కలు బరువుగా లేచి తిరగడం నడుం కింద తెలిసింది నాకు. నా వయసులో, నా అనుభవంలో, అంచు దాకా వెళ్ళి వచ్చాం. దిగాక ఆమె రికార్డులో "బాగుంది" అని రాశాను. బాగాలేదని రాస్తే ఎంత ఎత్తులో, ఎలా తీశారని ఎవరైనా అడుగుతారు.

ఎనిమిదో తారీకున టీ తాగుతూ చూల్వేతో అన్నాను. నా మాటలు నాకు గుర్తున్నాయి. "ఆ పిల్ల చెయ్యి నిద్రపోతోంది రా. చెప్పకుండా ఒకటి తియ్యి. భయపడితే గానీ లేవదు."

అతను కొంచెం ఆగి, "ఇంకో నాలుగు గంటలు చెప్పి చేయించాక తీద్దామా సార్?" అన్నాడు.

నేను నవ్వాను. "నీకూ నిద్రొస్తోందా?" అన్నాను.

మూడు రోజుల తర్వాత తీశాడు.

అక్టోబర్ 31, సోమవారం

లుసాకా వెళ్ళి తొవేలా గొండ్వేకి మొత్తం చెప్పాను. హెచ్చరిక కాగితం ఇచ్చాను. ఆమె ఒక్కచోట కూడా ఆపలేదు. చివర్లో అడిగింది.

"ఇది రాశాక మీ లైసెన్సు ఉండదు. కేసు కూడా కావచ్చు. తెలుసా?"

"తెలుసు."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"ఆ అమ్మాయి తల్లి వచ్చి అడిగింది."

"నేనూ అడిగాను సార్," అంది. సంతకం చేయాల్సిన చోటు వేలితో చూపించింది.

నవంబర్ 2

కలూబా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి అరిచాడు. "నీ ఒక్కడి మనశ్శాంతి కోసం ముప్పై మందిని రోడ్డు మీద పడేశావు! చచ్చినవాళ్ళు లేచొస్తారా దీంతో?" నిజమే, లేచి రారు. అతను వెళ్ళాక నసిలేలే తలుపు వేసింది. నేను ఆమెకి చెప్పాను, శనివారం ఇక్కడ రాసిందంతా. ఆమె నన్ను ముట్టుకోలేదు. "మోన్జే వాళ్ళకి ఎవరు చెబుతారు?" అంది.

నవంబర్ 6, ఆదివారం

మోన్జేలో వాన. ఈ ఏడు మొదటిది. అందరం ఇరుకుగా లోపలే కూర్చున్నాం. చూల్వే భార్య ముటింటా, అతని అన్నలు, ఆ మేనత్త. కుందా తప్పు లేదని చెప్పాను. చూల్వే నేను చెప్పిన పని చేశాడని చెప్పాను. చేయడానికి వెనకాడాడని, నేను ఎగతాళి చేశానని కూడా చెప్పాను. పెద్దన్న లేచి నా మీదికి వచ్చాడు. మిగిలినవాళ్ళు పట్టుకున్నారు. పట్టుకోకపోయినా నేను కదిలేవాణ్ణి కాదు.

ముటింటా ఏడవలేదు. నేల చూస్తూ మాట్లాడింది.

"మా పాపకి సైకిల్ నేర్పుతూ వెనకాల చెప్పకుండా చెయ్యి వదిలేసేవాడు. అది పడి మోకాళ్ళు కొట్టుకుంటే నేను తిట్టేదాన్ని. 'ఇలాగే నేర్చుకుంటారే, సార్ చెప్పారు' అనేవాడు. ఇంట్లో అన్నిటికీ అంతే. సార్ చెప్పారు, సార్ చెప్పారు."

రేకుల మీద వాన చప్పుడు.

"ఆ అమ్మాయి వాళ్ళమ్మ ఫోన్ నంబరు ఉందా మీ దగ్గర?" అంది.

ఇచ్చాను.

"ఇక వెళ్ళండి. మళ్ళీ రావద్దు."

మేనత్త ముఖం కొంగులో దాచుకుని ఉంది. నేను బయటికి వచ్చేటప్పటికి ముటింటా ఫోన్లో అంటోంది: "అమ్మా, నేను చూల్వే భార్యని. ఆ రోజు మా ఇంట్లో మీకు చోటివ్వలేదు..."

నవంబర్ 15

లైసెన్సు అప్పగించాను. కవరు మీద తారీకు వేసి రసీదు ఇచ్చారు.

డిసెంబర్, జనవరి

ఏమీ రాయలేదు. స్కూలు మూతపడింది. బానా కుందాకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రావాలని అనుకోకూడదు.

ఏప్రిల్ 4

రిపోర్టు వచ్చింది. ముప్పై ఒక్క పేజీలు. కుందా గురించి: "విద్యార్థి స్పందన ఆమె అనుభవానికి తగినదే." ఆ వాక్యం ఉన్న పేజీ విడిగా ఎంపికా పంపాను. నా గురించి రాసినదాంట్లో కాదనడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 20

లుసాకాలో నేర్పేవాళ్ళందరినీ పిలిచి, రిపోర్టు చదివి వినిపించారు. తొవేలా గొండ్వే నన్ను కూడా మాట్లాడమంది. మాట్లాడాను. అయ్యాక ఒక ముప్పై ఏళ్ళతను బయట వరండాలో నా దగ్గరికి వచ్చాడు. నేనెప్పుడూ చూడలేదు.

"సార్, నాకు నేర్పిన లుబాసి సార్‌కి మీరే నేర్పారట. మాకూ చెప్పకుండానే తీసేవారు. నేనూ అలాగే తీస్తున్నాను."

"ఆయన రాలేదా ఇవాళ?"

"రాలేదు సార్. రేపు పొద్దున్నే కొత్త విద్యార్థి ఉందని."

ఇంటికొచ్చి గుర్తు చేసుకుంటూ పేర్లు రాశాను. చూల్వే కాకుండా ఇరవై ఆరుగురికి నేర్పడం నేర్పాను నేను. వాళ్ళు ఇంకెంతమందికి నేర్పారో తెలీదు.

లుబాసికి ఫోన్ చేశాను. లివింగ్‌స్టన్ దగ్గర ఒక చిన్న స్కూల్లో ఉన్నాడు. బాగా నవ్వాడు ముందు. "పదేళ్ళుగా తీస్తున్నా సార్. ఒక్కసారి కూడా ఏమీ కాలేదు."

"నాకు ఇరవై రెండేళ్ళు ఏమీ కాలేదు," అన్నాను.

"ఆ అమ్మాయి చెయ్యి నెమ్మది సార్, మీరు మనసులో పెట్టుకుని..." అంటుండగా ఆపమన్నాను. రిపోర్టు చదవమన్నాను. చూద్దాం సార్ అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

నసిలేలే సంచిలో ఉడికించిన మొక్కజొన్న, నీళ్ళు పెట్టింది. "లివింగ్‌స్టన్‌కి ఆఖరి బస్సు అయిదింటికి," అంది.

ఏప్రిల్ 21

పొద్దున ఆరింటికి అక్కడికి చేరాను. ఇంజన్ అప్పుడే వేస్తున్నారు. నన్ను చూసి లుబాసి మొహం మాడ్చుకున్నాడు. పక్క సీట్లో ఒక అమ్మాయి, ఇరవై కూడా ఉండవేమో. నేను తల వంచి రెక్కల కిందికి వెళ్ళాను. ఆమె వైపు తలుపు తీశాను.

"థ్రాటిల్ తీసేముందు ఈయన నీకు చెప్పాలి. చెప్పకుండా తీస్తే దిగాక మళ్ళీ ఈయనతో ఎక్కొద్దు. ఎవరు చెప్పారంటే ముకెలబాయ్ చెప్పాడను. ఎవరా ముకెలబాయ్ అని ఈయన్నే అడుగు."

ఆమె భయంగా లుబాసి వంక చూసింది. అతను నా వంక చూడలేదు. చాలాసేపు ముందున్న డయల్స్ చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎడమ చెయ్యి తీసి లివర్ మీద వేశాడు.

"చెబుతాను," అన్నాడు. నాతో కాదు, ఆమెతో.

తలుపు వేశాను. వెనక్కి నడిచి కంచె దగ్గర నిలబడ్డాను. లేచారు. నది వైపు వెళ్ళారు. కాసేపటికి శబ్దం కూడా వినపడలేదు.

గంటా పది నిమిషాలకి ఇద్దరూ దిగారు. అప్పుడు బస్సెక్కాను.